బాడుగ ఇల్లు – ఇంటివారు, బాడుగవారు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో చదువుల గురించో, జకాత్ గురించో, పెళ్లిళ్లలో దుబారా గురించో పెద్దలు చెప్పడం, మనం వినడం ఆనవాయితీగా వస్తున్నది. ఈ పర్యాయం కార్యవర్గం వారు మమ్మల్ని బాడుగ ఇళ్ల సంగతి మాట్లాడమన్నారు. ఇదేమి విషయం, ఇది కూడా వేదిక మీద చెప్పదగినదేనా అని కొందరికి తోచవచ్చు. అయితే ఒక్కమాట ఆలోచించండి. మనలో మనకు మాటలు లేకుండా పోయిన కుటుంబాలను లెక్కబెడితే, సగం చోట్ల కారణం ఇల్లే. బాడుగ బాకీ, అడ్వాన్సు, నీళ్లు, అన్నదమ్ముల వాటా, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అందరికీ తెలిసిన రోగమే, మందు గురించి మాత్రం ఎవ్వరూ మాట్లాడరు. అందుకే ఒప్పుకున్నాము.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకుందాం. ఇంటి యజమాని అంటే సినిమాల్లో చూపే జమీందారు కాదు. మన దగ్గర యజమాని అంటే ఎవరు? రైల్వేలో చేసి గుంతకల్లులో రిటైరైన ఒక పెద్దాయన. తాను కింద ఉండి మిద్దె మీద రెండు గదులు వేసి బాడుగకిచ్చిన కుట్టుమిషను చాచా. కదిరి పక్క నుంచి కువైటు పోయి, పన్నెండేళ్లు ఎవరి ఇంట్లోనో వంట చేసి, ఆ డబ్బుతో ఇక్కడ రెండు పోర్షన్లు కట్టుకున్న ఒక తల్లి. భర్త పోయిన తర్వాత ముందు గదులు బాడుగకిచ్చి వెనక వంటింట్లో సర్దుకున్న ఒక ఖాలా. వీళ్లూ మన యజమానులు. వీళ్లకు బాడుగ అంటే లాభం కాదు, నెలకు సరిపడా బియ్యం, మందుబిళ్లలు.

మనవాళ్లు ఎందుకింతగా పోర్షన్లు కడతారో కూడా తెలుసుకోవాలి. నాలుగు రాళ్లు కూడితే ఇతరులు బ్యాంకులో వేసి వడ్డీ తీసుకుంటారు. మనకు వడ్డీ హరాము. పొలం కొందామా అంటే మన జిల్లా సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడవలసినప్పుడు పడదు. వేరుశనగ వేసి విత్తనం ఖర్చు కూడా రాని సంవత్సరాలు ఎన్నో. వ్యాపారానికి ధైర్యం చాలదు. ఇక మిగిలింది ఇల్లు. వస్తువును వాడుకోనిచ్చి దానికి బాడుగ తీసుకోవడం, అంటే ఇజారా, షరియత్తులో హలాలు. అందుకే హలాలుగా నాలుగు రూపాయలు రావాలనుకున్న విధవరాలైనా, రిటైరైన ఉద్యోగి అయినా పోర్షను వైపే చూస్తారు. ఇది మంచి ఆలోచనే. కానీ ఇల్లు కట్టగానే బాడుగ దానంతటదే నడిచి రాదు.

ముందు లెక్క చూద్దాం. ఒకామెకు రెండు పోర్షన్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి నాలుగు వేలు. నెలకు 8,000, ఏడాదికి 96,000 వస్తుందని ఇంట్లో అందరూ అనుకుంటారు. కొడుకు దాన్నిబట్టి మోటారు సైకిలు కంతులు కూడా కట్టుకుంటాడు. ఇప్పుడు అసలు జరిగేది చూడండి. ఒక పోర్షను ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా పడి ఉంటుంది, 8,000 పోయింది. ఇంటి పన్ను, నీటి పన్ను 5,000 అనుకుందాం. మనిషి మారినప్పుడల్లా సున్నం, రంగు 10,000. బోరు మోటారు కాలిపోతే వైండింగు 5,000. కొళాయిలు, మోరీ, తలుపు గడియలు 6,000. మొత్తం 34,000 ఖర్చు. మిగిలింది 62,000, అంటే నెలకు 5,000 చిల్లర. ఎనిమిది వేలు వస్తుందనుకొని బ్రతికే ఇంటికి, అయిదు వేలు వస్తుందని తెలిసి బ్రతికే ఇంటికి చాలా తేడా ఉంది. మొదటి ఇల్లు అప్పుల పాలవుతుంది. అందుచేత వచ్చిన బాడుగలో మూడో వంతు ఇంటికే పక్కన పెట్టండి. అది మీ డబ్బు కాదు, ఇంటి డబ్బు అనుకోండి.

సర్కారు వారు కూడా ఈ సంగతి గుర్తించినారు. ఆదాయపు పన్ను లెక్కలో ఇంటి బాడుగ మీద కట్టిన మునిసిపలు పన్ను తీసివేసి, మిగిలిన దానిలో నూటికి 30 వంతులు మరమ్మతు వగైరాల కింద మినహాయిస్తారు. నిజంగా ఖర్చయిందా అని రసీదులు కూడా అడగరు. ఇకపోతే మన రాష్ట్రంలో ఇంటి పన్నును 2021 వరకు బాడుగ విలువను బట్టి వేసేవారు. అప్పటి నుంచి స్థలం, కట్టడం మూలధన విలువను బట్టి వేసే పద్ధతికి మారినారు. ఇల్లు ఖాళీగా ఉన్నా, బాడుగ ఎగ్గొట్టినా పన్ను మాత్రం తప్పదు. దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

జకాత్ గురించి చాలామంది అడుగుతుంటారు. బాడుగకిచ్చిన ఇంటి ఖరీదు మీద జకాత్ లేదు. బాడుగ రూపంలో వచ్చి, ఖర్చులు పోగా మిగిలి, నిసాబుకు చేరి, చాంద్రమాన సంవత్సరం గడచిన డబ్బు మీద నూటికి రెండున్నర. ఇది చాలా మందికి తెలియక, కొందరు భయపడుతుంటారు, కొందరు అసలు ఇవ్వకుండానే ఉంటారు.

ఇక నీళ్లు. అనంతపురంలో ఇల్లు చూడవచ్చిన మనిషి గదులు ఎన్ని అని అడగడు, నీళ్లు ఎట్లా అని అడుగుతాడు. పెన్నహోబిలం రిజర్వాయరు నీళ్లు పట్టణానికి వచ్చినా కొళాయి వదిలే వేళలు మన చేతిలో లేవు. బోరు వేస్తే వందల అడుగులు పోయినా దుమ్ము లేచే చోట్లు ఉన్నాయి. పడినా కొన్ని చోట్ల ఫ్లోరైడు. అందుచేత నీళ్ల విషయంలో మూడు పనులు చెబుతాము.

ఒకటి, ఇల్లు చూపించేటప్పుడే ఉన్నదున్నట్టు చెప్పండి. "ఎండాకాలం రెండు నెలలు ట్యాంకరు తెప్పించుకోవలసి వస్తుంది, దానికయ్యేది ఇన్ని ఇళ్లకు సమంగా వేస్తాము" అని మొదటి రోజే చెబితే తగాదా రాదు. మార్చి నెలలో చెబితే వస్తుంది. లోపాన్ని దాచి బేరం చేయకూడదన్న సంగతి అంగడి సరుకుకే కాదు, ఇంటికి కూడా వర్తిస్తుంది.

రెండు, మిద్దె మీద పడే వానను వదలవద్దు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద మన జిల్లా సగటు వాన ఏడాదిలో పడితే సుమారు 50 వేల లీటర్లవుతుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పది! కరువు సీమలో ఉండి ఈ పది ట్యాంకర్లను మోరీలోకి వదిలి, మళ్లీ డబ్బిచ్చి ట్యాంకరు కొంటున్నాము. బోరు పక్కన ఒక ఇంకుడు గుంత తవ్వి, కంకర, ఇసుక వేసి గొట్టం దానిలోకి మళ్లిస్తే చాలు. కొత్తగా బోరు వేయాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి తీసుకోవాలన్నది కూడా గుర్తు పెట్టుకోండి. పక్కవారి బోరు ఎండిపోయిందని తగాదా వస్తే ఆ కాగితం అవసరమవుతుంది.

మూడు, ఎంత కోపం వచ్చినా బాడుగవారికి నీళ్లు కట్టివేయవద్దు. నీళ్లు ఆపడం మన ధర్మంలో ఎంతటి పాపమో కర్బలా సంగతి తెలిసిన వారికి మేము చెప్పనక్కరలేదు. చట్టం కూడా ఒప్పుకోదు. 1960 నాటి బాడుగ నియంత్రణ చట్టంలోనే యజమాని నీళ్లు, కరెంటు వంటి సౌకర్యాలు ఆపరాదని ఉండేది. బాడుగ రాలేదని మోటారు స్విచ్చికి తాళం వేసిన యజమాని, న్యాయం తన వైపు ఉన్నా సరే, ఆ రోజు నుంచి తప్పు తన మీద వేసుకున్నట్టే.

కరెంటు మీటరు సంగతి చిన్నదనిపిస్తుంది గాని చాలా మందిని ముంచింది. ఇంటికంతా ఒకే మీటరు పెట్టి, సబ్‌మీటర్లతో లెక్క చేసుకోవడం మనలో అలవాటు. మూడు సంసారాలు కాల్చిన యూనిట్లు ఒకే బిల్లులో పడితే పై శ్లాబుకు పోతుంది, యూనిట్ ధర పెరుగుతుంది. అంతటితో అయిపోలేదు. 2019 తర్వాత మన రాష్ట్రంలో సంక్షేమ పథకాలకు అర్హత చూసేటప్పుడు నెలకు 300 యూనిట్లు దాటిన ఇంటిని తీసివేసే నిబంధన పెట్టినారు. యజమాని పేర ఉన్న మీటరులో బాడుగవారి ఫ్యాను, ఫ్రిజ్జి తిరిగితే, పింఛను పోయేది వెనక వంటింట్లో ఉన్న ముసలామెకు. నిబంధనలు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి గాని, మీటరు మీద ఉన్న పేరు మారదు. కాబట్టి కొంచెం ఖర్చయినా ప్రతి పోర్షనుకు వేరే మీటరు పెట్టించుకోండి.

ఇప్పుడు రాతకోతల విషయానికి వస్తాము. "మనవాడే కదా, కాగితం ఎందుకు?" అన్నది మన సంఘంలో ఎక్కువగా వినబడే మాట. మనవాడు కాబట్టే కాగితం కావాలి అంటాము. ఖురాను మొత్తంలో అన్నిటికంటే పొడవైన ఆయతు ఏ విషయం మీద వచ్చింది? నమాజు మీద కాదు, రోజా మీద కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అన్న విషయం మీద. బఖరా సూరాలో 282వ ఆయతు. అల్లాహ్ ఇంత వివరంగా ఆజ్ఞ ఇచ్చినాక, రాసుకోవడం అపనమ్మకం ఎట్లా అవుతుంది? రాసుకోవడమే మర్యాద.

చట్టం ఏమంటుందో కూడా చెబుతాము. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలు పత్రం రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలలకు రాసుకునే వాడుక అందుకే వచ్చింది. 1960 నాటి బాడుగ నియంత్రణ చట్టం స్థానంలో మన రాష్ట్రం 2017లో కొత్త బాడుగ చట్టం చేసింది. కేంద్రం 2021లో ఒక నమూనా చట్టం ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదని, బాడుగవారి ఇంట్లోకి పోవాలంటే యజమాని 24 గంటలు ముందు తెలియజేయాలని ఆ నమూనాలో ఉంది. ఏ చట్టం చూసినా సారం ఒకటే, నోటిమాట చాలదు, రాసుకోండి.

కాగితంలో ఏమేమి ఉండాలి? బాడుగ ఎంత, ఏ తేదీలోగా, అడ్వాన్సు ఎంత, నీళ్లు, కరెంటు ఎవరు ఎట్లా కట్టాలి, ఏడాదికి ఎంత పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్లు ముందు చెప్పాలి, ఎంతమంది ఉంటారు, గోడలు, తలుపులు, ఫ్యాన్లు ఇప్పుడెట్లున్నాయి. ఇద్దరు సాక్షులు. ఆధారు నకలు ఒకటి. బాడుగ తీసుకున్న ప్రతిసారీ రసీదు. ఇప్పుడు ఫోన్‌పే వచ్చింది కాబట్టి ఆ లెక్క దానిలోనే ఉంటుంది. చేతికిస్తే మాత్రం రెండు రూపాయల నోటు పుస్తకంలోనైనా రాసి ఇద్దరూ సంతకం చేయండి.

24 గంటలు ముందు చెప్పాలన్న నియమం విని కొందరు యజమానులు నవ్వవచ్చు. నా ఇంట్లోకి నేను పోవడానికి అడగాలా అంటారు. అడగాలి. మూడుసార్లు అనుమతి అడిగి, జవాబు రాకపోతే తిరిగి రావాలని మనకు నేర్పిన మర్యాదే. ఇల్లు మీదైనా ఆ ఇంట్లో ఉన్న పరదా వారిది. మోటారు చూస్తానని, మామిడికాయలు కోస్తానని ఎప్పుడంటే అప్పుడు గడప దాటడం మానుకోవాలి.

అడ్వాన్సు గురించి ఒక్కమాట. అది మీ డబ్బు కాదు, తిరిగి ఇవ్వవలసిన బాకీ. తీసుకున్న రోజే ఖర్చు పెట్టేసి, ఖాళీ చేసే రోజు "కొత్తవాళ్లు వచ్చి ఇస్తే ఇస్తాము" అంటే, సామాను బండికెక్కించుకొని వీధిలో నిలబడిన సంసారం ఎక్కడికి పోవాలి? వారు కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టుకోవాలి కదా! బెంగుళూరులో పది నెలల అడ్వాన్సు తీసుకునే వాడుక ఉంది. దాన్ని చూసి మనం నేర్చుకోవద్దు. తక్కువ తీసుకోండి, విడిగా పెట్టండి, ఖాళీ చేసిన రోజే ఇవ్వండి.

ఇక మన సీమలో ఒక చిక్కు ఉంది, వలస. వానలు పోయిన ఏడాది పని లేక సంసారం సంసారం బెంగుళూరు పోతుంది. "రెండు నెలల్లో వస్తాము" అని తాళం వేసి పోతారు. సామాను లోపల, బాకీ బయట. ఫోను ఎత్తరు. యజమాని ఏం చేయాలి? మొదట, తాళం పగలగొట్టవద్దు. లోపల ఏముందో మీకు తెలియదు, తర్వాత రెండు తులాల బంగారం పోయిందంటే జవాబు చెప్పలేరు. వారి బంధువుల ద్వారా కబురు పెట్టండి. కాగితంలో ఉన్న అడ్రసుకు పోస్టులో నోటీసు పంపండి. నెల నెలా బాడుగకు ఉన్నవారికి 1882 ఆస్తి బదిలీ చట్టం కింద పదిహేను రోజుల నోటీసు అవసరం. ఆ పైన కూడా రాకపోతే వకీలును అడిగి, చట్ట ప్రకారం పోవాలి. వారు మన జమాతువారైతే పెద్దలను పిలిచి, వారి ఇష్టంతోనే సామాను పట్టిక రాసి బంధువులకు అప్పగించవచ్చు. అయితే ఇదంతా రాకుండా ఉండే ఉపాయం మొదటి రోజు కాగితంలోనే ఉంది. సొంత ఊరి అడ్రసు, దగ్గరి బంధువు ఫోను నంబరు, "ఊరు వదిలిపోతే ఎవరిని అడగాలి" అన్న ఒక వాక్యం రాసుకోండి.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుందని ఒక భయం మన పెద్దలలో బాగా ఉంది. ఆ భయంతో మంచివారిని కూడా రెండేళ్లకొకసారి ఖాళీ చేయిస్తారు. బాడుగకు వచ్చినవాడు, బాడుగదారుగా ఉన్నంత కాలం ఇంటి మీద యజమాని హక్కును కాదనలేడు. ఒప్పందం, రసీదులు ఉంటే భయమే లేదు. కాగితం లేకుండా, బాడుగ అడగకుండా, సంవత్సరాల తరబడి పట్టించుకోకుండా వదిలేసినవారే భయపడాలి.

బాడుగ బాకీ పడ్డవారితో ఎట్లా ఉండాలి? ఇక్కడ రెండు రకాల వారున్నారు. ఉండి ఇవ్వనివారు, లేక ఇవ్వలేనివారు. ఉండి ఎగ్గొట్టేవారికి మొగమాటం అక్కరలేదు. రెండో నెలకే పెద్దలలో పెట్టండి, నోటీసు ఇవ్వండి. పది నెలలు ఊరుకొని పదకొండో నెల వీధిలో అరిచే కంటే ఇది మేలు. లేనివారికి మాత్రం గడువు ఇవ్వమని బఖరా సూరాలోనే 280వ ఆయతులో ఆదేశం ఉంది, వదిలివేస్తే ఇంకా మంచిదని కూడా ఉంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మార్చి 29న కేంద్ర హోం శాఖ కూలివారి దగ్గర నెల బాడుగ అడగవద్దని, కూలివారిని, విద్యార్థులను ఖాళీ చేయించవద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఆటో తోలేవారు, రాయదుర్గంలో జీన్సు కుట్టేవారు, ధర్మవరం మగ్గం పనివారు, పెళ్లి వంటల మేస్త్రీలు, అందరి పనీ ఒక్కసారిగా ఆగింది. బాడుగ వదులుకున్న యజమానులు మనలో ఉన్నారు. వారి పేర్లు చెప్పం, వారి లెక్క ఉన్నచోట ఉంది. కానీ ఆ బాడుగ మీదే బ్రతికే విధవరాళ్లు ఆ నెలలు ఏం తిన్నారో కూడా మనం అడగవలసింది. కష్టంలో ఉన్న బాడుగవారి భారం మొత్తం ఇంకొక బీదరాలి నెత్తిన వేయడం న్యాయం కాదు. అక్కడే సంఘం అవసరం.

ఇప్పుడు ఈ ప్రసంగంలో అందరికంటే కష్టమైన మాట చెబుతున్నాము. భోగ్యం. మూడు లక్షలో అయిదు లక్షలో ఒకేసారి తీసుకొని, బాడుగ లేకుండా మూడేళ్లు ఇల్లు ఇచ్చి, చివరికి మొత్తం డబ్బు తిరిగి ఇవ్వడం. "లీజు" అని పేరు పెట్టినా ఇదే. ఇచ్చిన అప్పుకు బదులుగా ఇంట్లో ఉండి లాభం పొందడం వడ్డీ కిందికే వస్తుందని అత్యధిక ఉలమా చెబుతున్నారు. వడ్డీకి భయపడి బ్యాంకు మానుకున్న మనం, వడ్డీనే ఇంట్లో కాపురం పెట్టించుకుంటున్నామన్నమాట. సందేహమున్నవారు తమ మసీదు మౌలానా గారిని అడిగి తెలుసుకోవచ్చు.

ధర్మం సంగతి అట్లుంచి, లోకరీతిగా చూసినా భోగ్యం యజమానికే ఉరి. ఎవరు భోగ్యానికి ఇస్తారు? బిడ్డ పెళ్లికో, ఆపరేషనుకో డబ్బు కావలసినవారు. ఆ డబ్బు వారం రోజుల్లో ఖర్చయిపోతుంది. మూడేళ్లు బాడుగ రాదు. మూడేళ్ల తర్వాత మూడు లక్షలు ఎక్కడినుంచి తెస్తారు? ఇంకొకరికి నాలుగు లక్షలకు భోగ్యానికిచ్చి వీరికి మూడు తీరుస్తారు. ఇట్లా రెండు మూడు తిరుగుళ్లు తిరిగేసరికి ఇల్లు అమ్మవలసి వస్తుంది. తాత కట్టిన బండ మిద్దెలు ఈ విధంగానే చేతులు మారుతున్నాయి. ఇవ్వవలసినంత అవసరం వస్తే, మామూలు బాడుగకే ఇచ్చి, బాడుగ చూపించి చేబదులు తీసుకోండి, లేదా స్థలంలో కొంత అమ్ముకోండి. మిగతా ఇల్లయినా పిల్లలకు దక్కుతుంది.

ఇకపోతే వారసులు. తండ్రి పోయినాక బాడుగ ఎవరిది? పెద్దకొడుకు వసూలు చేసి ఇంటిఖర్చు అంటాడు. చెల్లెలు అత్తగారింట్లో ఉంటుంది, అడగడానికి సిగ్గు. షరియత్తు లెక్క సూటిగా ఉంది. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకోండి. బాడుగ నెలకు 8,000. తల్లికి ఎనిమిదో వంతు, 1,000. మిగిలిన 7,000 అయిదు భాగాలు, భాగం 1,400. కొడుకుకు రెండు భాగాలు చొప్పున 2,800, కూతురికి 1,400. ఇల్లు పంచుకోకుండా ఉమ్మడిగా ఉన్నంత కాలం ప్రతి నెలా ఆ 1,400 ఆ బిడ్డ సొమ్ము. రంజానుకు ఒక చీర పెట్టి చెల్లుబెట్టుకుంటే చెల్లదు. పెళ్లికి ఖర్చు పెట్టినాం కదా అంటే, అది తండ్రి ప్రేమ, వాటా కాదు. అన్నలారా, సభలో ఆడపడుచులు వింటున్నారని ఈ మాట చెప్పడం లేదు. రేపు లెక్క అడిగేవాడు వింటున్నాడని చెబుతున్నాము.

ఇల్లు ఎవరికివ్వాలి అన్నది కూడా ఆలోచించవలసినదే. పట్టణాల్లో ఇల్లు వెతికేటప్పుడు పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేసినాం" అన్న జవాబు మన పిల్లలు వింటుంటారు. కారణం ఏమిటో అందరికీ తెలుసు. ఆ బాధ తెలిసిన మనం ఇంకొకరికి అదే జవాబు చెప్పకూడదు. యూనివర్సిటీలో చదవవచ్చిన పల్లె పిల్లవాడైనా, ఏ కులం వాడైనా, ఏ మతం వాడైనా, నెమ్మదైన మనిషి అయితే ఇవ్వండి. మన సీమలో పీర్ల పండుగకు అందరూ కలిసి నడిచే ఊళ్లు ఎన్ని లేవు? పేరు చూసి తలుపు వేసే అలవాటు మన గడపలోకి రానివ్వవద్దు.

బాడుగకున్న ఇంట్లో మగమనిషి పోతే, ఆ ఇల్లాలికి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ఉంటుంది. ఆ గడువు ఆ ఇంట్లోనే గడపడం విధి. ఆ సమయంలో ఖాళీ చేయమని అనవద్దు. బాడుగ విషయం జమాతుతో మాట్లాడండి, ఆమెతో కాదు. ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదనుకుంటాము.

మరమ్మతులను అశ్రద్ధ చేయవద్దు. మన పాత మిద్దెలు చౌడు మట్టి పరచినవి, బండలు పరచినవి. ఎండకు పగుళ్లు పడి, అయిదేళ్ల కొకసారి వచ్చే పెద్దవానకు ఒక్కసారిగా కిందికి వస్తాయి. కరువు సీమలో వరద ఏమిటి అనుకుంటాము. 2021 నవంబరులో కదిరిలో వానలకు భవనం కూలి పిల్లలతో సహా ప్రాణాలు పోయినాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పల్లపు కాలనీలు మునిగినాయి. గోడ, పైకప్పు బాగుచేయవలసిన బాధ్యత యజమానిది. కొళాయి వాషరు, బల్బు బాడుగవారు చూసుకోవచ్చు. మృగశిర కార్తెకు ముందే మేస్త్రీని పిలిచి పైకప్పు చూపించండి. కూలేటట్టున్న గది బాడుగకివ్వడం కంటే తాళం వేసి పెట్టడం మేలు.

బాడుగకున్నవారికి కూడా రెండు మాటలు. మీరు కట్టే బాడుగ మీద ఇంకొక సంసారం నడుస్తున్నదని మరచిపోవద్దు. అయిదో తేదీ అంటే అయిదో తేదీ. ఆలస్యమైతే ముందే చెప్పండి, ఎదురుపడకుండా సందులో తిరిగి పోవద్దు. గోడకు మేకు కొట్టేముందు అడగండి. పోయేటప్పుడు ఇల్లు చిమ్మి, తాళంచెవి చేతికిచ్చి సలాం చెప్పి పోండి.

చివరగా సంఘం వారికి మా మనవి మూడు. ఒకటి, ఇంటి ఒప్పందం నమూనా ఒకటి తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ప్రతి సభ్యునికి ఇవ్వండి. రెండు, శుక్రవారం జుమా తర్వాత ఒక గంట ఇద్దరు పెద్దలు, ఒక వకీలు కూర్చొని ఇంటి తగాదాలు వినే ఏర్పాటు చేయండి. స్టేషనుకు, కోర్టుకు పోకముందే సగం తగ్గిపోతాయి. మూడు, వడ్డీ లేని చిన్న అప్పుల నిధి ఒకటి పెట్టండి. పైకప్పు మరమ్మతుకైనా, నాలుగు నెలలు బాడుగ రాని విధవరాలికైనా, నాలుగు నెలలు పనిలేని బాడుగదారుకైనా దానిలోనుంచి ఇవ్వవచ్చు. భోగ్యానికి తలుపు మూయండి అని ఊరికే చెబితే సరిపోదు, ఇంకొక తలుపు తెరవాలి.

మా వంతుగా నిధికి మొదటి చందా ఈ సభలోనే కోశాధికారి గారికి అందజేస్తున్నాము. మిగతావారు తమ శక్తి కొద్దీ వేయాలని కోరుతున్నాము. అల్లాహ్ మన ఇళ్లలో బర్కత్ ప్రసాదించుగాక, మన బాకీలు మన చేతనే తీర్పించుగాక. ఆమీన్.